సీలు వేసిన అర్ర

పింఛను కాగితాల్లో ఏదో సవరణ ఉందని పిలిస్తే పోయిన నెల కామారెడ్డి కలెక్టరేటుకు వెళ్లాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి మా మనవరాలి ఈడుది, మర్యాదస్తురాలు. నేను మొదట ఏ శాఖలో చేరానని అడిగింది. ప్రాంతీయాభివృద్ధి శాఖ అన్నాను. ఆ పిల్ల పైకీ కిందికీ వెతికి, "అట్లాంటి శాఖ లేదు మేడమ్" అంది. ఇప్పుడు లేదమ్మా, అప్పుడు ఉండె అన్నాను. "ఇందుల పాతవి గూడ ఉన్నయి మేడమ్. అప్పుడు గూడ లేదు" అంది. నాతో వాదించడం ఇష్టం లేక చివరకు నన్ను 'ఇతరములు' అనే గడిలో పెట్టింది. నాకు మండిపోయింది. నా మొదటి ఉద్యోగం, నా మొదటి జీతం, నేను ఒంటరిగా బతికిన మొదటి ఊరు, అన్నీ కలిపి ఇతరములట. ఇంటికొచ్చి చాయ్ పెట్టుకుని తాగినా ఆ మంట చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ శాఖ ఉండేది. దానికి ఒక మంత్రి ఉండేవాడు. ఆయన ఫోటో మా ఆఫీసు గోడకు వేలాడేది, కొంచెం ఎడమకు ఒరిగి. వెనకబడిన ప్రాంతాలను ముందుకు తేవడం శాఖ పని అని వీధిలోకి కనబడేటట్టు బోర్డు మీద రాసి ఉండేది. ఎల్లారెడ్డి వెనకబడిందన్న సంగతి ఎల్లారెడ్డి వాళ్లకు ఆ బోర్డు వచ్చాకే తెలిసిందని బజారులో అనుకునేవారు. నేను కామారెడ్డిలో టైపు నేర్చుకుని, లోయరూ హయ్యరూ రెండూ పాసై, అక్కడ తాత్కాలిక టైపిస్టుగా కుదిరాను. మా బాపు బియ్యం మిల్లులో గుమాస్తా. ఆడపిల్లను పరాయి ఊరికి ఎట్లా పంపడమని చాలా ఆలోచించి, నాతోపాటు లింగంపేట మీదుగా బస్సులో వచ్చి, ఆఫీసు ఉన్న ఇంటి వెనక భాగంలోనే నాకు ఒక మంచం జాగా చూశాడు. ఇంటివాళ్లు ముస్లిములు. అయినా ఆ ఇంట్లో మగపురుగు లేదని తెలిశాక ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. కన్నతల్లి కదా, మా అవ్వ మాత్రం అక్కడ ఏమీ తిననని నాతో ఒట్టు పెట్టించుకుని మామిడికాయ తొక్కు సీసా కట్టి ఇచ్చింది. ఆ ఒట్టు మొదటి శుక్రవారం బగారన్నం వాసన దగ్గరే గాలికి పోయింది.

ఇంటావిడ మెహరున్నీసా. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, ఆపా అని పిలిచేదాన్ని. ఆమె భర్త దుబాయిలో ఉండేవాడు. పోయేముందు వీధివైపున్న హాలు, దాని పక్కనున్న అర్ర ఆఫీసుకు కిరాయికిచ్చి, ఆ అర్రలో ఉండే తన తల్లిని వెనక వంటింటి పక్కకు మార్చాడు. ఆ తల్లి దాదీ. ఆమెకు వేరే పేరు ఉండే ఉంటుంది, నేను వినలేదు. కూరగాయల ఆమె కూడా దాదీ అనే పిలిచేది. "ఆరు నెల్లే అమ్మా, సర్కారు సొంత బిల్డింగు కట్టుకుంటదట" అని కొడుకు చెప్పి పోయాడట. నేను వచ్చేసరికి ఆ మాట అని ఏళ్లు గడిచాయి. సర్కారు సొంత బిల్డింగు కోసం ఒక జాగా చూసింది, ఆ జాగాలో ఒక రాయి పాతింది, ఆ రాయికి ఎవరో మేకను కట్టేసేవారు.

ఆ అర్ర దాదీకి ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. దానికి వీధిలోకి ఒక కిటికీ ఉంది. దాదీకి మోకాళ్లు పట్టేసి బయట తిరగడం ఎన్నడో మానేసింది. వయసు మీద పడ్డాక పరదా పట్టింపు కూడా పోయింది. కోడలికి ఉంది, ఆమెకు లేదు. ఆ కిటికీ దగ్గర మంచం వేసుకుని, కామారెడ్డి బస్సులోంచి ఎవరు దిగారు, దర్జీ దుకాణం ముందు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరి కోడలు పుట్టింటికి పోతోంది, ఎవరి దగ్గు తగ్గలేదు అని చూసుకుంటూ ముసలితనం గడపాలని ఆమె అనుకుంది. వెనక అర్రలో ఆమెకు పక్కింటి గోడ కనబడేది. మంచి గోడే, ఏటా సున్నం వేసేవారు. కాని దాని ముందు నుంచి ఎవరూ పోరు. ఆమె దాన్నే చూస్తూ కూర్చునేది.

మనిషి మాత్రం గట్టి మనిషి. తెల్లవారకముందే లేచి నమాజు చేసుకుని, పాందాన్ ముందు పెట్టుకుని కూర్చునేది. అడకత్తెరతో వక్కలు కత్తిరించే చప్పుడుతోనే నాకు తెల్లారేది. గురువారం సాయంత్రం నిప్పుల మీద ఊదు వేసి ఇల్లంతా పొగ పట్టేది. ఆ పొగ నా చీరలకు పట్టి, నెలకోసారి ఇంటికి పోతే మా అవ్వ దూరం నుంచే ముక్కు ఎగబీల్చి నన్ను ఎగాదిగా చూసేది. దాదీ కోడలితో, చుట్టాలతో ఉర్దూ మాట్లాడేది. నాతోనూ కోళ్లతోనూ తెలుగు. కోళ్లకు ఉర్దూ ఎందుకు చెప్పవని అడిగితే, "అవి బీర్కూర్ల కొన్న కోళ్లు బిడ్డా, వాటికేం సమజైతది?" అంది. చెప్పులతో ఎవరు గడప దాటినా ఊరుకునేది కాదు. మా సారు, అంటే మా ఆఫీసు అధికారి, ఆ అర్రలో బూట్లతోనే కూర్చుంటాడని తెలిసి, గోడ ఇవతల నుంచి రోజూ ఒకసారి గట్టిగా నిట్టూర్చేది. ఆయనకు వినబడేది. గాలి అనుకునేవాడు.

దీపాలు పెట్టే వేళకు నేను వచ్చి మంచం మీద కూర్చోగానే అడిగేది. "బిడ్డా, మీ ఆఫీసు ఎప్పుడు పోతది?"

"పోదు దాదీ. అది సర్కారుది."

"సర్కారైతే ఏంది? ఎవ్వలైన ఏదో ఒకనాడు వాళ్లింటికి వాళ్లు పోవాలె గద."

నేను ఆ శాఖలో జీతం తీసుకునే మనిషిని. ఏమని చెప్పను? తల దువ్వుకుంటూ కూర్చునేదాన్ని. నేను పొద్దంతా ఆమె అర్రలో పనిచేసి, సాయంత్రం ఆమె పక్కన పడుకునేదాన్ని. ఆ పక్క నుంచి ఈ పక్కకు నాలుగడుగుల దూరం కూడా లేదు, గోడ ఒకటే. కిటికీలోంచి ఇవాళ ఏం కనబడ్డదో చెప్పమనేది. నేను టైపు మిషన్ వంకే చూస్తూ ఏమీ గమనించేదాన్ని కాదు. ఆ ప్రశ్న మొదలైన తర్వాత ఆమె కోసం చూడడం అలవాటు చేసుకున్నాను. వీధి చూడడం నాకు నేర్పింది దాదీయే, ఆమెను వీధి చూడనివ్వకుండా చేసింది మా శాఖ.

శాఖ పనేమిటని అడగవచ్చు. ప్రతిపాదనలు తయారుచేయడం. వాగు మీద వంతెన కావాలని, ఊరికి రోడ్డు కావాలని జనం అర్జీలు తెచ్చేవారు. మద్నూర్ నుంచి వచ్చినవాళ్లు మరాఠీలో తెచ్చేవారు. మా సారు వాటిని కూడా అంతే శ్రద్ధగా చదివినట్టు చూసేవాడు. నేను అన్నిటినీ టైపు చేసేదాన్ని. అర్రలో లోపలివైపు గోడకు పక్కదుప్పటంత గుడ్డ మ్యాపు ఒకటి పైనుంచి కిందిదాకా వేలాడేది. ప్రతిపాదన పంపిన చోటల్లా సారు దాని మీద ఒక ఎర్ర గుండుసూది గుచ్చేవాడు. దూరం నుంచి చూస్తే మా ప్రాంతానికి తట్టు లేచినట్టు ఉండేది. నేనున్న కాలంలో గుచ్చిన సూది ఒక్కటి కూడా పని పూర్తయి బయటికి రాలేదు. అయినా మేం సోమరులం కాదు. పొద్దున పదింటికి కూర్చుంటే సాయంత్రానికి నా వేళ్లు తిమ్మిరెక్కేవి.

ప్రభుత్వం మారింది. కొత్త మంత్రుల పేర్లు రేడియోలో చెబుతారని సారు ట్రాన్సిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన, అటెండర్ మల్లయ్య, నేను చుట్టూ చేరాం. వ్యవసాయం వచ్చింది, నీటిపారుదల వచ్చింది, చేనేత వచ్చింది, పశుసంవర్ధన కూడా వచ్చింది. ఆ తర్వాత వాతావరణం వచ్చింది. చెదురుమదురు జల్లులట. సారు ట్రాన్సిస్టర్‌ను అటూ ఇటూ తిప్పి, "మర్చిపోయి ఉంటారు. రేపు చదువుతారు" అన్నాడు. మర్నాడూ చదవలేదు. మూడో రోజు పేపర్ బస్సులో వస్తే మల్లయ్య మొత్తం తిరగేసి, మడిచి, సారు ముందు పెట్టి, "సార్, మనం లేం" అన్నాడు. సారు ఆ మధ్యాహ్నం కూడా ఒక ప్రతిపాదన మీద సంతకం చేసి నాకిచ్చాడు. నేను టైపు చేశాను. ఎవరికి పంపాలో తెలియక పిన్నుపెట్టి దాచాను.

ఇంట్లోకి వచ్చి చెబితే దాదీ ఒక్కతే సంతోషించింది. పాందాన్ తెరిచి, రెండు కిళ్లీలు కట్టి, ఒకటి నా చేతిలో పెట్టింది. "అయితే నా అర్ర నాకొస్తది" అంది. అంత తృప్తి ఆమె ముఖంలో నేను అంతకుముందు చూడలేదు. కోడలితో కిటికీ తెర ఉతికించింది.

సారును వేరే శాఖకు, మల్లయ్యను ఇంకో శాఖకు పంపారు. సామాను మాత్రం ఎవరికి అప్పజెప్పాలో తేలలేదు, ఎందుకంటే తీసుకోవాల్సిన శాఖ ఏదో ఇంకా నిర్ణయించలేదు. నిజామాబాద్ నుంచి ఒక పెద్ద సారు వచ్చాడు. ఎండాకాలంలోనూ మెడకు మఫ్లరు చుట్టుకునే మనిషి, నెమ్మదస్తుడు. హాలులోని కుర్చీలు, బీరువాలు, నా టైపు మిషన్, అన్నీ ఆ ఒక్క అర్రలో పెట్టించడం మొదలుపెట్టాడు. తలుపు గట్టిదని ఆ అర్రే ఎంచుకున్నాడు. దాదీ లోపల నుంచి నన్ను పిలిచింది.

"చప్పుడైతున్నది. సామాను తీస్తున్నరా బిడ్డా, పెడుతున్నరా?"

"పెడుతున్నరు దాదీ."

ఆ రోజు దాదీ పాందాన్ తెరవలేదు.

పెద్ద సారు తలుపుకు తాళం వేసి, గుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర ఒత్తాడు. అర్రకు ఇంకేమైనా తలుపులున్నాయా అని అడగబోయాడు. అంతలో గోడ అవతల ఆపా గాజుల చప్పుడు వినబడింది. ఆయన నాలుక కరుచుకున్నాడు. "అవతల ఆడోళ్లుంటరు. మనం అటు చూడొద్దు" అని తన మనుషులకు చెప్పి, ఒక్క తలుపే రాసుకున్నాడు. ఇక నేను మిగిలాను. తాత్కాలిక టైపిస్టును ఏ శాఖలో కలపాలో ఎవరికీ తెలియదు. "నీ ఫైలు నా దగ్గర్నే ఉన్నదమ్మా. సామాను అప్పజెప్పిననాడు నీ ఆర్డరు గూడ ఇస్త. అప్పటిదాంక సీలు నీ జిమ్మా. దానికేమన్న అయ్యిందా, నేనేం చెయ్యలేను" అన్నాడు. వారానికోసారి సీలు చూసి, పోస్టుకార్డు మీద 'సీలు చెక్కుచెదరలేదు' అని రాసి పంపాలి. టైపు మిషన్ లోపల ఉండిపోయింది కాబట్టి చేత్తో రాసేదాన్ని. మా బాపు వచ్చి ఈ సంగతంతా విని, "ఆఫీసే లేదంటున్నవు, నౌకరి ఎట్లుంటది బిడ్డా?" అన్నాడు. ఇంటికి వస్తే సంబంధం చూస్తానన్నాడు. ఈ ఉద్యోగం పోతే నాకు మళ్లీ ఇంకోటి రాదు, మిల్లు గుమాస్తా కూతురికి ఎవరిస్తారు? నేను రానన్నాను. పొద్దున లేవగానే ముఖం కడగకముందే సీలు దగ్గరికి పోయి చూసేదాన్ని.

చలికాలం మొదలవుతుండగా ఆపా ట్రంకులు జరిపి, బొంతలన్నీ తీసి ఎండలో వేసింది. మా లోపలి వరండాలో ఒక మూల ఎప్పుడూ బొంతలు, ట్రంకులు నడుమెత్తున పేర్చి ఉండేవి, పైనుంచి ఒక పాత తెర. నేను వచ్చినప్పటి నుంచి అది బొంతల జాగా. ఆ రోజు బొంతలు తీసేస్తే వెనక ఒక తలుపు కనబడింది. దాదీ అర్రకు లోపలి నుంచి ఉన్న తలుపు. ఆఫీసు వచ్చిన రోజున, మగవాళ్లు కూర్చునే చోటికి మన దిక్కు నుంచి దారేమిటని ఆపాయే గడియ వేసి, తెర కట్టి, బొంతలు పేర్చింది. తర్వాత ఆమె దాన్ని తలుపు అనుకోవడం మానేసింది. దాని అవతలి ముఖం మీద మా సారు మ్యాపు కట్టాడు. అటు మ్యాపు, ఇటు బొంతలు. గడియ మాత్రం మొదటి నుంచీ మా దిక్కే ఉంది. సర్కారు సీలు వేసిన అర్ర అని నెలల తరబడి దిగులుపడుతూ, ఆ అర్ర తలుపుకే మేం బొంతలు ఆనించి పెట్టుకున్నాం. సీలు అవతలి తలుపుకు వేస్తే ఇవతలి తలుపు కూడా మూసుకుపోయినట్టే అనుకున్నాం. ఆపా దాన్ని చూసి ఏమీ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. మంచం మీద కూర్చున్న దాదీ చూసింది.

మర్నాడు పొద్దున దాదీ మంచం ఖాళీగా ఉంది. మోకాళ్లు పట్టేసిన మనిషి ఎక్కడికి పోతుంది? పెరట్లో చూశాం, బావి దగ్గర భయం భయంగా చూశాం. ఆపా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు మొదలుపెట్టింది. నేను బస్టాండు దాకా ఉరికాను. అక్కడ లేదు. చెమటలు కక్కుతూ వీధివైపు నుంచి తిరిగి వస్తుంటే సీలు వేసిన అర్ర కిటికీ రెక్కలు తెరిచి ఉన్నాయి. చువ్వల వెనక దాదీ కూర్చుని ఉంది.

"ఎక్కడ తిరుగుతున్నవు బిడ్డా పొద్దుగాల పొద్దుగాల? దర్జీ దుకాణం ఎప్పుడు తీసిన్రు? గా పోరడు ఎవ్వడు కొత్తగ?"

ముందు పోయి సీలు చూశాను. లక్క లక్కలాగే ఉంది, ముద్ర ముద్రలాగే ఉంది. లోపలికి ఉరికి చూస్తే వరండా మూల తలుపు తెరిచి ఉంది, మ్యాపు కింది అంచు కొద్దిగా ఊగుతోంది. ఆ మ్యాపును తెరలాగా ఎత్తి వంగి లోపలికి పోయాను. బీరువాల మధ్య సందు చేసుకుని, కిటికీ పక్కనున్న మా సారు బల్ల మీద దుప్పటి పరుచుకుని దాదీ దర్జాగా కూర్చుంది. బల్ల మీదికి ఎట్లా ఎక్కిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

"యా అల్లా! జైల్ల ఏస్తరు అమ్మీ, బయటికి రా" అని ఆపా అవతల నుంచి ఉర్దూలో ఏడ్చింది.

"ఎవ్వల అర్ర గిది?" అని మా ఇద్దరినీ తెలుగులో అడిగింది దాదీ.

ఆ వారం కార్డు రాయాల్సిన రోజు వచ్చింది. చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. నన్ను అడిగింది సీలు గురించి, అర్ర గురించి ఎవరూ అడగలేదు. 'సీలు చెక్కుచెదరలేదు' అని రాసి డబ్బాలో వేశాను. ఆ సాయంత్రం ఆపా, నేను కలిసి బల్లను ఒక పక్కకు నెట్టి, దాదీ మంచాన్ని మ్యాపు కిందినుంచి లోపలికి జరిపాం.

ఊరు చూడలేదా అంటే చూసింది. సీలు వేసిన తలుపు, దాని పక్కనే కిటికీలో ముసలామె. కూరగాయల ఆమె చువ్వల సందులోంచి వంకాయలు అందించేది. బీటు కానిస్టేబులు రోజూ ఆ కిటికీ దగ్గర ఆగి, దాదీ ఇచ్చిన వక్కపలుకు నోట్లో వేసుకుని, సీలు వంక చూసి, "మంచిగనే ఉన్నది గద" అని పోయేవాడు. అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. మా ఊళ్లలో కొన్ని విషయాలు అట్లాగే నడుస్తాయి. దాదీ సాయంత్రాలు నాకే వీధి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఎప్పుడూ లేనిది నవ్వేది.

కాని చలి ఆమెను పట్టుకుంది. దగ్గు, ఆ వెనక జ్వరం, ఆయాసం. డాక్టరు పెరటి దారిన వచ్చి మ్యాపు ఎత్తుకుని లోపలికి పోయి సూది వేసేవాడు. వెనక అర్రలో వంటింటి వెచ్చదనం ఉంటుంది, అక్కడికి మార్చమన్నాడు. దాదీ ఒప్పుకోలేదు. రోజురోజుకు చిక్కిపోయింది. చివరకు కిటికీ దగ్గర తనంతట తాను లేచి కూర్చోవడం కూడా కష్టమై, దిండ్లు పెట్టి కూర్చోబెట్టేవాళ్లం. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. సామాను తీసుకోవడానికి ఒక శాఖ ఖరారైంది. పెద్ద సారు ఎల్లుండి లారీతో వస్తున్నాడు.

ఆపా నా చేతులు పట్టుకుంది. ఒక్క పూట. ఒక్క పూట ఆమెను వెనక్కి తెచ్చి, తలుపు మూసి, బొంతలు పేర్చితే చాలు. వాళ్లు పోయాక మళ్లీ తీసుకుపోదాం. నాకూ అదే సబబు అనిపించింది. నా ఆర్డరు ఆయన సంచిలో వస్తోంది. దాదీ దగ్గర కూర్చుని, ఎంత మెత్తగా చెప్పగలనో అంత మెత్తగా చెప్పాను.

ఆమె నా మాట పూర్తిగా విన్నది. ఆయాసపడుతూ అంది, "మా పోరడు ఆరు నెల్లు అన్నడు. మీరు ఒక్క పూట అంటున్నరు. నేనిప్పుడు లేస్తె మల్ల ఈడికి రాను బిడ్డా. నాకెర్కే."

నాకూ తెలుసు. డాక్టరుకూ తెలుసు. ఆ మాట అంటూ నా చెయ్యి పట్టుకుంది, చెయ్యి పిట్టంత తేలిగ్గా ఉంది. నేను బయటికి వచ్చి ఆపాతో, "ఉండనీయ్ ఆపా. ఏమైతే అది అయితది" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో అంత ధైర్యం లేదు. రెండు పూటలు అన్నం దిగలేదు.

పెద్ద సారు వచ్చాడు. అదే మఫ్లరు. వెంట ఇద్దరు మనుషులు. సీలును చుట్టూ తిరిగి చూసి, "శాబాష్ అమ్మా, పోసినప్పుడు ఎట్లున్నదో అట్లనే ఉన్నది" అన్నాడు. చిన్న సుత్తితో లక్క పగలగొట్టి, తాళం తీసి, తలుపు నెట్టాడు. లోపల బీరువాల మధ్య మంచం మీద, దిండ్లకు ఆనుకుని, తెల్లటి దుపట్టా తల మీద కప్పుకుని, దాదీ ఆయన వంకే చూస్తోంది. ఆయన నోరు తెరిచి, సీలు ముక్కల వంక చూసి, మళ్లీ దాదీ వంక చూశాడు.

"అమ్మా, నువ్వు... నువ్వు లోపలికి ఎట్ల వచ్చినవు?"

"లగ్గమై వచ్చిన" అంది దాదీ.

"ఎప్పుడు?" అన్నాడు.

"గప్పుడు నువ్వు పుట్టలే బిడ్డా. చెప్పులు బయట ఇడువు."

ఆయన విడిచాడు. వెంట వచ్చిన ఇద్దరూ విడిచారు. తర్వాత ఆయన నన్ను పక్కకు పిలిచి, "వారం వారం రాసినవు గదనే" అన్నాడు. రాసిన సార్, చెక్కుచెదరలేదు, మీరే చూసిన్రు గద అన్నాను. ఆయన మఫ్లరు సర్దుకుని ఆలోచించాడు. "అర్రకు ఇంకో తలుపు ఉన్నట్టు నేను రాయలే. రాయని తలుపుల నుంచి ఎవ్వలొచ్చిన్రని ఎట్ల అడుగుత? అడిగితె ముందుగాల నన్నే అడుగుతరు" అని, సంచిలోంచి నా ఆర్డరు తీసి ఇచ్చాడు. అది దయ అనుకోవాలో భయం అనుకోవాలో నాకు తెలియదు. నా కడుపు నిండింది, అంతే.

మంచం చుట్టూ సామాను ఒక్కొక్కటే బయటికి పోయింది. ముసలామె నిద్రపోతున్నట్టు అందరూ మునివేళ్ల మీద నడిచారు. ఆమె నిద్రపోలేదు, బీరువా గోడకు తగలకుండా చూసుకొమ్మని చెబుతూనే ఉంది. చివరకు మ్యాపు విప్పబోతే వెనక తెరిచి ఉన్న తలుపు, ఆ తలుపులో ముఖం దాచుకుంటూ ఆపా. పెద్ద సారు చప్పున గోడ వైపు తిరిగి, "ఉండనీయుండ్రి, ఉండనీయుండ్రి, మ్యాపు ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. మ్యాపు పనికిరాకుండా చినిగిందని రాసుకున్నాడు. అట్లా మా ప్రాంతం మొత్తం, గుచ్చిన సూదులతో సహా, ఆపా ఇంట్లో తెరగా మిగిలిపోయింది.

కలెక్టరేటు నుంచి వచ్చిన వారంలోనే మనసాగక ఎల్లారెడ్డి పోయి చూశాను. ఆ ఇల్లు లేదు. అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం, పైన రెండంతస్తులు, ముందు షేర్ ఆటోల వరస. దారిలో వంతెనలు, రోడ్లు చాలా వచ్చాయి, నేను టైపు చేసిన వాటిలోనివే కొన్ని. ఏ శాఖ కట్టిందో తెలియదు, మాది మాత్రం కాదు. బాగున్నాయి, బస్సు ఊగలేదు. అప్పటి రోజులే బంగారమని నేననను, అప్పుడు బీర్కూర్ దిక్కు పోవాలంటే వానాకాలం ప్రాణాల మీదికి వచ్చేది. అయితే గాజుల చప్పుడు వినబడితే ఆగిపోయిన అధికారిని నేను చూశాను. ఇప్పుడైతే ఆ కిటికీలో దాదీని ఎవడో ఫోటో తీసి మధ్యాహ్నానికల్లా ఊరూరా తిప్పేవాడు, కానిస్టేబులు ఉద్యోగంతో సహా అందరివీ పోయేవి. దాదీ ఆ తర్వాత ఆ అర్రలోనే పోయింది, మామిళ్లు రాకముందే, కిటికీ వైపు ముఖం పెట్టుకుని. నేను అప్పటికే మద్నూర్‌లో వేరే ఆఫీసులో టైపు చేస్తున్నాను. ఆపా పంపిన మనిషి చెబితే బల్ల మీద తలపెట్టి ఏడ్చాను. పక్క సీటావిడ చుట్టమా అని అడిగింది. మా మొదటి శాఖ అన్నాను, ఆమెకేం అర్థమైందో.

లారీ పోయిన సాయంత్రం మాత్రం నేను అక్కడే ఉన్నాను. అర్ర ఖాళీ అయి పెద్దగా కనబడుతోంది, గచ్చు మీద బీరువాలు నిలబడిన చోట్ల నాలుగు మూలలా మరకలు. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. దాదీ చాలాసేపు ఆ తలుపు వంక చూస్తూ ఉండిపోయింది. నేను పక్కన కూర్చుని కాళ్లు ఒత్తుతున్నాను.

"అందరు పోయిన్రా బిడ్డా?"

"పోయిన్రు దాదీ."

"మల్ల వస్తరా?"

"ఇంక రారు."

ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఇన్నేండ్లు మనింట్ల ఉన్నరు. ఒక్కనాడన్న మనం వాళ్లను చాయ తాగమనలే" అంది.